బందెలదొడ్డిలో ఒంటికొమ్ము గుర్రం

గైరమ్మని ఒకావిడ ఉండేది. చేలల్లో పడి మేసిన గొడ్డుని తోలి కట్టేసే బందెలదొడ్డి ఉంటాది చూశారా, దానికి కాపలా ఆవిడే. ఆ దొడ్డికో కట్టుబాటు. సొంతదారు వచ్చి "ఇది నాది" అంటేనే తడిక తియ్యాలి. ఎవరూ అనకపోతే ఆ గొడ్డు అక్కడే పడుండాలి. ఒకనాడు ఏమైందంటే, చోళ్ల చేలో తెల్లగుర్రం మేస్తా దొరికిందంట. నుదుటి మీద ఒకటే కొమ్ము, మూరెడు! నవ్వకండి, నేను కొలిచానా ఏంటి, మా అవ్వ చెప్పింది. మునసబు దాన్ని పట్టించి, పారిపోకుండా మెడకి గుదికర్ర కట్టించి, దొడ్డిలోకి తోలించాడు. నాదని ఎవరూ రాలేదు. అది అరవలేదు, గడ్డి ముట్టలేదు, ఊరికే చూస్తా నిలబడిందనుకోండి.

అదిగో, అప్పుట్నుంచీ ఊరు పట్టుబడిపోయింది. సంతకని ఎల్లినోడు గెడ్డ, అదే ఊరి పక్క వాగు, దాటి, నడిచి నడిచి తలెత్తితే ఎదురుగా బందెలదొడ్డే! ఎటెల్లినా దొడ్డే. గైరమ్మ కూతురు సుక్కమ్మ, చిన్నపిల్ల, ఆ పొద్దున్నే, గుర్రాన్ని దొడ్డిలోకి తోలకముందే, జీడిపళ్లకని గెడ్డ అవతలికెల్లింది. అక్కణ్నుంచి "అమ్మా, వస్తన్నానే" అని కేక వినపడతాది. పిల్ల కనపడతాది కూడా, నడుస్తానే ఉంటాది, దగ్గరకి మటుకు రాదు. పొద్దు వాలతంటే ఆ గొంతు సన్నబడిపోతంది. తల్లి ప్రాణం ఎలాగుంటాది చెప్పండి!

గైరమ్మ మునసబు దగ్గరకి పరిగెత్తి, బాబూ దాన్ని వదిలెయ్యండి, నా పిల్ల ఇంటికి రాలేకపోతంది అంటే, ఆయన, ఎవరిదో తేలకుండా ఎలా వదుల్తామే, కట్టుబాటు కాదూ అన్నాడంట. అయితే నాదే అనేసింది గైరమ్మ. గుర్రం నాదే బాబూ! తడిక తీశారు. గుర్రం కదల్లేదు. గెడ్డ అవతల పిల్ల కూడా ఆగిపోయింది, ఎత్తిన కాలు ఎత్తినట్టే. గైరమ్మ గుర్రం దగ్గరకెల్లింది. గుర్రం కళ్లలోకి చూస్తే అందులో ఊరంతా కనపడిందంట, చుట్టూ తడికతో. దీన్ని నాదని ఎవరు పట్టుకున్నా ఇది మనల్ని వదలదు అని అప్పుడు తెలిసిందావిడకి. గుదికర్ర తాడు కోసేసి, "నువ్వు నాదీ కాదు, ఎవరిదీ కాదు, పో తల్లీ" అని తడిక పీకి ముక్కలు చేసేసింది. మునసబు అరుస్తానే ఉన్నాడు. గుర్రం ఆవిణ్ణి రాసుకుంటా ఎల్లిపోయింది. డెక్కల చప్పుడే లేదంట.

పిల్ల పరిగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసింది. గైరమ్మ "నా..." అనబోయి నోరు నొక్కేసుకుంది. చేతులు వదులు చేసి, "వచ్చావా అమ్మా" అంది, అంతే. ఆ దొడ్డికి ఇప్పటికీ తడిక లేదు.

సరే, అయిపోయింది, లెగండి. నేనెవర్నీ పట్టుకోలేదు, గుమ్మం తీసే ఉంది. ఎల్లగలరో లేదో మీరే చూసుకోండి.