పాప ఫైల్లో అమ్మ చిరునామా

"తలుపు గొలుసు తియ్యను. ఏం చెప్పాలో అక్కణ్ణుంచే చెప్పండి."

"స్కూలు యాప్ తయారుచేసే కంపెనీ నుంచండీ. పొద్దున్నుంచి ఆరుసార్లు ఫోన్ చేశాను."

"తెలియని నంబర్లు ఎత్తను."

బట్టలు కుట్టి బతికే ఆవిడ ఏడు నెలల కిందటే కూతురితో ఈ రెండో అంతస్తు ఇంట్లోకి మారింది. జానెడు తెరిచిన తలుపు అవతల, మెడలో కంపెనీ కార్డు వేసుకున్న అమ్మాయి ఆయాసపడుతోంది.

"మీ ఇల్లు... మీ చిరునామా, పాప వాళ్ళ నాన్నగారికి కనబడిందండీ."

"ఎవరికి?"

"ఈ పొద్దున నలభై నిమిషాలే. ఇప్పుడు లేదు, తీసేశాం."

"చూసినవాడి కళ్ళల్లోంచి కూడా తీసేశారా?"

"లేదండీ."

"కోర్టు ఆయనకి పాప మార్కులు చూసే హక్కిచ్చింది. నా ఇల్లు చూసే హక్కు కాదు. ఆ కాగితం స్కూల్లో ఇచ్చాను. యాప్‌లో కూడా పెట్టామన్నారు."

"పెట్టారండీ. పాత డేటాబేస్‌లో అన్నీ వేరువేరు పట్టికలు. పాపదొకటి, మీదొకటి, ఆయనదొకటి. ఎవరడిగితే వాళ్ళకి చూపించాల్సినంత వరకే జోడించి చూపించేది. పిల్లలు ఎక్కువయ్యేసరికి అది నెమ్మదించింది. అందుకని నిన్న రాత్రి కొత్తదానికి మార్చాం. ఇందులో పట్టికలుండవు. ఒక్కో పిల్లకి ఒక్కో ఫైలు, సమస్తం అందులోనే."

"అంటే విడివిడి సొరుగుల్లో దాచుకున్నవన్నీ ఒకే సంచిలో పోసి ఆయన చేతికిచ్చారు."

"...అంతేనండీ."

"పోసేటప్పుడు ఎవరూ చూడలేదా?"

"చూశాం. మార్కులు సరిగ్గా వచ్చాయా, హాజరు సరిగ్గా వచ్చిందా అని. ఎవరికేం కనబడకూడదో మాత్రం..."

"అది మాత్రం చూడలేదు."

"చూడలేదండీ."

"పాప స్కూల్లో ఉంది."

"ముందు అక్కడికే వెళ్ళొచ్చాను. హెడ్‌మిస్ట్రెస్ తన గదిలో కూర్చోబెట్టుకున్నారు. మీరు తప్ప ఎవరొచ్చినా పంపరు. ఆయనుండే ఊరి నుంచి ఇక్కడికి నాలుగు గంటలు కదా, ఒకవేళ బయల్దేరి ఉన్నా ఇంకో రెండు గంటలుంది."

"ఒకవేళ ఏంటి? బయల్దేరే ఉంటాడు."

ఆవిడ గొలుసు తీసింది. మిషను మీద సగం కుట్టిన గౌను అలాగే వదిలేసి, కోర్టు కాగితాలూ పాప బట్టలు నాలుగు జతలూ సంచిలో కుక్కింది. ఈలోగా ఆ అమ్మాయి పోలీసులకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. మనిషిని పంపుతామన్నారు గానీ ఎప్పుడన్నది చెప్పలేదు. ఇద్దరూ కిందికి దిగి అమ్మాయి కారెక్కారు.

"మా అక్కావాళ్ళింట్లో ఒక గది ఖాళీగా ఉందండీ. ఎన్నాళ్ళైనా ఉండొచ్చు."

"అంత పెద్ద కంపెనీలో మీరే ఎందుకొచ్చారు?"

"ఎవరో ఒకరు రావాలి కదండీ."

"మీ పైవాళ్ళు రావచ్చు. మీరే ఎందుకు?"

"ఈ మలుపులో కుడివైపేనా?"

"కుడివైపే. మీరే ఎందుకు?"

"ఈ పొద్దునే కొత్తది మొదలైంది కదా, ఫోన్లు మేమే ఎత్తాం. ఆయన చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారండీ. పాప వాళ్ళ నాన్నని మాట్లాడుతున్నా, మా ఇంటి చిరునామా సగమే కనబడుతోంది, ఒకసారి సరిచూడమ్మా అన్నారు."

"సగమే."

"వీధి పేరు వరకే పడిందట. వాళ్ళిల్లే కదా అనుకుని మిగతాది నేనే చదివి వినిపించాను. రెండో అంతస్తు, మెట్ల పక్క తలుపని. థాంక్స్ కూడా చెప్పారు."

ఆవిడ ఒళ్ళోని సంచిని దగ్గరికి లాక్కుంది.

"ఏదో ఒకటి అనండి. తిట్టండి పోనీ."

"స్కూలు దగ్గర దించెయ్. అక్కణ్ణుంచి మేమెక్కడికెళ్తామో నువ్వు అడక్కు."