పదింటికి ఆగే పాట

నూజివీడు దగ్గర రసాల మామిడితోట. కాపలా పాక ముందు నులకమంచం మీద నానమ్మ పున్నమ్మ, ఇంజనీరింగు చదివే మనవరాలు సౌజన్య. ఇద్దరి మధ్యా రెండు ఫోన్లు.

"ఇది తీసేస్తున్నా."

"ఏది? ఏది తీసేస్తున్నావే?"

"కుక్కల అరుపులు. మూడున్నాయి నానమ్మా. ఊరకుక్క, వేటకుక్క, కుక్కల గుంపు."

"గుంపు ఉంచు. మిగతావి తీసెయ్."

"గుంపు కూడా పోవాల్సిందే. అసలివి పాటలా? నూట ఎనభై ఉన్నాయి. నీ ఫోన్లో నువ్వేది దాచుకుంటే అది నా ఫోన్లోకీ వచ్చి కూర్చుంటోంది."

"నీ పాటల అకౌంటేగా ఇందులో పెట్టావు. 'ఇద్దరికీ ఒకటే నానమ్మా, హాయిగా విను' అన్నదెవరు?"

"వినమన్నాను. టపాకాయలు, జాతర డప్పులు, తుపాకీ మోత దాచమన్నానా?"

"నాకేం సరదానా? కోతులు చెట్ల మీద పడుతుంటే భజన పెట్టమంటావా?"

"భజనలూ ఉన్నాయిగా. ఇదిగో, పదకొండు."

"అవి నాకు. కోతులకి కాదు. వాటి జోలికి రాకు."

"సరే, సరే. ఇదిగో ఇది... పులి గాండ్రింపు. గంటసేపు!"

"అది బ్రహ్మాండంగా పనిచేసింది. రెండ్రోజులు ఒక్క కోతి దిగితే ఒట్టు."

"మూడో రోజు?"

"మూడో రోజు చెట్టుకి కట్టిన స్పీకరు మీద కూర్చునే కాయలు తిన్నాయి."

"మరింకెందుకు? ముందు దీన్నే తీసెయ్యాలి."

"దాని మీద నీకెందుకే అంత కోపం?"

"కోపమేం లేదు."

"లేకపోతే మొహం అలా ఎందుకైంది?"

"ఎండకి."

"నీడలో కూర్చున్నాం."

"అబ్బా, నానమ్మా!"

"సర్లే. సెలవులిచ్చారని నిన్న దిగావు. ఎన్నాళ్ళంట?"

"వారం. పది రోజులు. చెప్తారంట."

"ఎవరు?"

"వాళ్ళే. నువ్వుండు, లెక్క తప్పుతోంది. ఇవి తీసేశాక నీ ఫోన్లోంచి నా అకౌంటు కూడా తీసేసి వేరేది పెడతా."

"ఎందుకూ?"

"నీకోసమే. ఒకటే అకౌంటైతే ఒకరు పాట పెడితే రెండోవాళ్ళది ఆగిపోద్ది."

"తెలుసు."

"తెలుసా?"

"తెలియక? ఉగాది వెళ్ళిన వారం నుంచీ రోజూ పదింటికి నా స్పీకరు నోరు మూసుకుంటోంది. ఫోన్లో ఏవో అక్షరాలొస్తే, కాయలు కొయ్యడానికొచ్చే భవాని చదివి చెప్పింది. 'వేరే ఫోన్లో పాట మోగుతోందంట అత్తా' అని."

"ఎప్పుడైనా ఖాళీగా ఉంటే వింటాను. అంతే."

"ఆదివారం ఆగదు. సెలవు రోజు పాట వినవు, కాలేజీ రోజు పదింటికి వింటావు. అదేం చదువే?"

"షాలోమి చెప్పిందా నీకు?"

"హాస్టల్లో నీ గదిలో పిల్లేగా షాలోమి? ఓహో. ఆ పిల్లకీ తెలుసన్నమాట."

"నానమ్మా..."

"చెప్పు."

"క్లాసుకి వెళ్ళట్లేదు."

"అది స్పీకరు చెప్పింది. ఎందుకో నువ్వు చెప్పు."

"నీ పులే. సెమినారు రోజు నా ఫోను క్లాసులో స్పీకరుకి కలిపాను. నా వీడియో నొక్కబోతే చెయ్యి జారి ఇది మోగింది. సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అందరూ ఒకటే నవ్వు. ఆ రోజు నుంచీ నేను గుమ్మంలో కనబడితే చాలు, వెనక బెంచీల్లోంచి గాండ్రింపులు."

"ఎంతమందే వాళ్ళు?"

"నలుగురైదుగురు."

"నాకిక్కడ నలభై."

"నవ్వకు నానమ్మా."

"నవ్వట్లేదే."

"నవ్వుతున్నావు."

"కొంచెం. ఆ సారు లేచి నిలబడ్డాడన్నావు చూడు, అందుకు. ఎన్ని రోజులు మానావు?"

"పంతొమ్మిది. ఇంకో నాలుగు రోజులు పోతే హాజరు చాలదని పరీక్ష రాయనివ్వరు. ఏడాది పోద్ది. నాన్నకి చెప్పకు."

"చెప్పేదాన్నైతే నిన్న బస్సు దిగినప్పుడే చెప్పేదాన్ని."

"మరి నీకన్నీ తెలుసుగా, పాట ఆగగానే మళ్ళీ నొక్కొచ్చుగా? నువ్వు నొక్కితే నాది ఆగిపోయేది."

"అందుకే నొక్కలేదు."

"అంటే?"

"పిల్ల దిగులుగా ఉండి వింటోందేమో, ఆపడమెందుకని."

"మరి కోతులు?"

"నూనెడబ్బా వాయించుకుంటూ కూర్చున్నా. చూడు, అరచెయ్యి కాయ కాసింది."

"ఏదీ... అయ్యో!"

"తోట గుత్తకి తీసుకున్న గంగాధరంగారు చూసి, 'ఏంటి పున్నమ్మా, స్పీకరు కొనిస్తే డబ్బా కొడతావేంటి? చేతకాకపోతే చెప్పు, కాపలాకి ఇంకొకళ్ళని పెట్టుకుంటా' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పదింటికి స్పీకరుకి నిద్రొస్తుందండీ, అన్నా."

"నువ్వు మాత్రం..."

"ఏడవకు. ఫోను మీద పడుతున్నాయి నీళ్ళు, పాడైపోద్ది. రేపు సోమవారం. పొద్దున్నే మొదటి బస్సుకి జంక్షన్ చేరితే తొమ్మిదిన్నరకల్లా కాలేజీలో ఉంటావు."

"మళ్ళీ గాండ్రిస్తారు నానమ్మా."

"గాండ్రించనీ. కోతులకే మూడో రోజుకి భయం పోయింది. నీకు పంతొమ్మిది రోజులైనా పోలేదా?"

"వెళ్తాలే."

"ఆ మాట కోతికి వినబడేలా చెప్పు."

"వెళ్తాను! చాలా? ఇంక నీ సామాను మొత్తం తీసేస్తున్నా. కుక్కలు, టపాకాయలు, డప్పులు..."

"తియ్యి. ఒక్క డప్పు ఉంచి అన్నీ తీసెయ్. పులిని మాత్రం కదపకు. అకౌంటు అసలే కదపకు."

"పులికి కోతులు భయపడట్లేదన్నావుగా?"

"కోతుల కోసమని ఎవరన్నారే? రేపు సరిగ్గా పదింటికి పెడతా. ఆగకుండా గాండ్రించిందంటే, నువ్వు క్లాసులో కూర్చున్నావని నాకు తెలుస్తుంది."