ముహూర్తం షాట్‌లో నవ్వు

పెద్దలారా, మా యూనిట్ మిత్రులారా, అమ్మా కావ్యా! మొన్న మీ నాన్న, మన దర్శకుడు దయాకర్ సినిమా ప్రివ్యూ వేసింది ఈ నాచారం హాల్లోనే. ఇవాళ ఇక్కడే అతని ఫొటోకు దండ వేశాం. నేను స్వర్ణలతని, ఆ సినిమా ఎడిటర్‌ని. దాచను, నాకు దుఃఖం కంటే భయమే ఎక్కువగా ఉంది.

ఈ సినిమాకు ఆధారమైన తారామణి గారి నవల కథ తెలియనివారి కోసం చెబుతాను. రాబోయే కాలంలో ఒక మందు గోలీ వస్తుంది. వేసుకుంటే భయం పోతుంది. దానికి అలవాటుపడ్డవాళ్లు రైలుకు కూడా నవ్వుతూ ఎదురెళ్తారు. దీన్నెందుకు సినిమాగా తీస్తావని ఆమె అడిగితే, "భయం లేనోణ్ణి సూస్తే మనకు భయం గావాలె అమ్మా," అన్నాడు దయాకర్.

మరి ఆ భయం పుట్టలేదే, తప్పెక్కడ జరిగింది? ముహూర్తం రోజున జరిగింది. మన ఆనవాయితీ తెలిసిందే కదా! మొదటి షాట్‌లో ఏడుపు ఉండకూడదు, చావు ఉండకూడదు. ఈ కథలో శుభం ఎక్కడుంది? వెతికి వెతికి, హీరో గోలీ నాలుక మీద పెట్టుకుని నవ్వే చోటు పట్టుకున్నాం. కొబ్బరికాయ కొట్టాం. హారతి ఇచ్చాం. చప్పట్లు కొట్టాం. ఎంత అందంగా వచ్చిందో ఆ నవ్వు! పోస్టర్ మీద కూడా అదే వేశాం.

ప్రివ్యూ అయ్యాక కొందరు కుర్రాళ్లు దయాకర్‌ని చుట్టుముట్టారు. పొగుడుతారనుకున్నాం. ఒకడు మెల్లగా అడిగాడు: "అన్నా, గా గోలీ నిజంగ ఉందా? యాడ దొర్కుతది?" దయాకర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తేరుకునేలోపే వాళ్లు బైకులెక్కి వెళ్లిపోయారు.

అప్పటినుంచి వాళ్ల కోసం ఉప్పల్ గల్లీలన్నీ తిరిగాడు. "స్వర్ణక్కా, గాళ్లకు ఏమన్నయితే ఎట్ల? జర ఆ నవ్వు తీసెయ్," అని ఫోన్ చేశాడు. అలా తిరుగుతూనే ఒక చాయ్ దుకాణం ముందు కూలిపోయాడు. దవాఖానాకు చేర్చేలోపే గుండె ఆగిపోయింది.

నిర్మాత జనార్ధనరావు గారూ, ఆ షాట్ తీసేశాను. తిరిగి పెట్టాలంటే వేరే ఎడిటర్‌ని చూసుకోండి. కానీ గోడల మీద పోస్టర్ల మాటేమిటి? ఆ కుర్రాళ్లు ఎవరి పిల్లలు? మీ పిల్లలా? నా కొడుకు స్నేహితులా? మావాడి గదిలోనూ ఆ పోస్టర్ ఉంది. ఎందుకు అంటించావని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

అందరూ ఒకసారి లేచి నిలబడండి. దయాకర్ కోసం కాసేపు మౌనంగా ఉందాం. ఫోన్లు మాత్రం ఆపకండి. మీ పిల్లలెవరైనా చేస్తే, మౌనం చెడినా ఫరవాలేదు, ఎత్తి మాట్లాడండి.