ఎనిమిదో ఆదివారం ముట్టడి

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీ ముగ్గురికీ తెలుసు," అంటూ ప్లంబరు తన రెంచీని టీ కొట్టు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

తెలుసన్నట్టు ఎవరూ తలాడించలేదు. కొట్టు అక్క స్టవ్ మంట తగ్గించింది. దర్జీ సూది చొక్కాకి గుచ్చుకున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు పేపరు మడిచారు. వాళ్ళు ఆరోజు న్యాయమూర్తులు మరి. పక్కనున్న జిరాక్స్ షాపు వెనక గదిలో ఆరుగురు కలిసి పన్నెండు ఆదివారాలు ఆడిన రాజ్యాల ఆట కిందటి వారమే ముగిసింది. ప్లంబరూ అతని తోడల్లుడూ పాయింట్లలో సమానంగా నిలిచారు. ఎల్లుండి మొదలయ్యే కొత్త ఆటలో మొదటి కుర్చీ ఎవరిదో తేలలేదు. మొదటి కుర్చీ అంటే పెద్ద తెర, ఫ్యాను గాలి, అందరికంటే ముందు దేశం ఎంచుకునే హక్కు. చివరికి షాపు ఓనరు విసిగిపోయి, ఆట తెలియని ఈ ముగ్గురూ ఎవరి పేరు చెప్తే వాళ్ళకే ఇస్తానన్నాడు. తీర్పు నాలుగింటికి. ప్లంబరు మూడింటికే దిగిపోయాడు.

"ముందు ఆటేంటో వినండి. ప్రపంచం మ్యాపు ఉంటుంది. ఆరుగురికి ఆరు దేశాలు, ఒక్కో దేశానికి ఒక్కో రంగు. కోటలు కట్టాలి, సైన్యాలు పెంచాలి, పక్క రాజుతో వియ్యమందాలి, కుదరకపోతే కొట్టుకోవాలి. నాలుగు వందల ఏళ్ళ చరిత్ర! ఎవరైనా రాకపోతే ఆ పూటకి వాళ్ళ దేశాన్ని కంప్యూటరే నడుపుతుంది. అదో మొద్దు. కోటలో మంట పెట్టినా కదలదు, ఓడల్ని మాత్రం పనీపాటా లేకుండా నడిసముద్రంలో తిప్పుతుంది. నాకు ఆకుపచ్చ దేశం వచ్చింది. ఎంత ఉంటుందనుకున్నారు? తెర మీద ఈగ వాలితే కనపడదు. మా తోడల్లుడికేమో పసుపు దేశం, పదిహేడు రేవులు! వాడికెప్పుడూ అంతే. మా అత్తగారింట్లో వాడు అడుగు పెడితే ఫ్యాను వాడి వైపు తిప్పుతారు. అదే ఇంట్లో ట్యాంకు బిగించింది నేను, కుళాయిలు మార్చింది నేను. వాడు మామగారికి కళ్ళజోడు ఒకటి చేయించి పెట్టాడంతే, అప్పట్నుంచీ ఆయనకి వాడొక్కడే కనిపిస్తాడు."

"నీకు కుళ్ళు," అంది అక్క.

"నాకా? నాకెందుకక్కా కుళ్ళు! ఉన్న మాట చెప్తున్నా. సరే, మొదటి ఆదివారం నేను చేసింది చాలా చిన్న పని. రాజధానిలో బావి తవ్వించా. అందరూ నవ్వారు. మా తోడల్లుడైతే 'బావుందన్నయ్యా' అన్నాడు, వాడి మెచ్చుకోలుకి నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ బావి వల్ల జనం పెరిగారు, జనం వల్ల సైన్యం పెరిగింది, నాలుగో ఆదివారానికి పక్క రాజు తన కూతుర్నిచ్చి నా కాళ్ళు కడిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పందే ఎలా తెలుస్తుంది?" అన్నాడు దర్జీ.

"ఎనిమిదో ఆదివారం! మందుల షాపాయనది ఎర్ర దేశం. తొంభై వేల మందితో నా కోట మీద పడ్డాడు. కోటలో నావాళ్ళెంతమందో తెలుసా? మూడు వందలు! అందులో నలభై మందికి జ్వరం! ఇంకొకడైతే కుర్చీ వదిలి పారిపోయేవాడు. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నా. రాత్రికి రాత్రి కోట కింద నుంచి రెండంగుళాల పైపు వేయించి, నదిని అలా లాక్కొచ్చి ఎర్ర సైన్యం గుడారాల్లోకి వదిలా."

మాస్టారు కళ్ళజోడు పైకెత్తారు. "ఆ కాలంలో రెండంగుళాల పైపా?"

"నాలుగంగుళాలది దొరకలేదు మాస్టారూ, అదే నా బాధ! దొరికుంటే ఆ పూటే యుద్ధం అయిపోయేది. తొంభై వేలమందీ తడిసి తుమ్మడం మొదలుపెట్టారు. ఆ తుమ్ములకి వాళ్ళ గుర్రాలు బెదిరి వెనక్కి తిరిగి, దారిలో వాళ్ళ దేశాన్నే తొక్కేశాయి! మందుల షాపాయన లేచి నిలబడి నాకు దండం పెట్టాడు. సరిగ్గా అదే రోజు, అదే గంటలో, మా తోడల్లుడు ఏం చేశాడో తెలుసా? ఓడలన్నిటినీ నడిసముద్రంలోకి తోలేసి, రేవు ఖాళీగా వదిలేసి, పిల్లకాకుల్లాంటి సముద్రపు దొంగలకి రాజధాని అప్పజెప్పాడు! పదిహేడు రేవులున్న మహారాజు! మూడు వందల మందితో నేనెక్కడ, వాడెక్కడ! అలాంటివాడికా మొదటి కుర్చీ?"

"అది మాత్రం తెలివితక్కువ పనే," అని దర్జీ ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాటకి ప్లంబరు మొహం వెలిగిపోయింది. బల్ల మీద ఇంకాస్త ముందుకి జరిగాడు.

"ఇక పదో ఆదివారానికి నా ఆకుపచ్చ ఆగితేనా! కొండలెక్కింది, సముద్రం దాటింది, మ్యాపు అంచుకొచ్చి నిలబడి 'ఇంకెక్కడికి రాజా?' అని నన్నే అడిగింది. ఆట తయారుచేసినవాళ్ళు ఫోన్ చేశారు, 'అయ్యా, కాస్త నెమ్మదించండి, మా దగ్గర భూమి అయిపోయింది' అని. నేను వింటేగా! తెర నిండిపోయి, రంగు పొంగి, జిరాక్స్ షాపు గోడ మీదకి పాకింది. అబద్ధమైతే వెళ్ళి చూడండి, ఇప్పటికీ అక్కడే ఉంది ఆకుపచ్చ మరక!"

"అది నాచు," అన్న మాట వెనక నుంచి వినిపించింది. చేతులు తుడుచుకుంటూ షాపు ఓనరు నిలబడి ఉన్నాడు. "నువ్వు బిగించిన పైపు కారి పట్టింది. మూడుసార్లు చెప్పాను, రాలేదు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్లంబరు తొణకలేదు.

"నాచు సంగతి తర్వాత చూద్దాం. ఎనిమిదో ఆదివారం కోట నిలిచిందా లేదా, అది చెప్పు వీళ్ళకి."

"నిలిచింది. అద్భుతంగా నిలిచింది. అంత బాగా కాపాడిన కోట నేను చూళ్ళేదు," అన్నాడు ఓనరు.

"విన్నారా!"

"కానీ ఆరోజు నువ్వు లేవుగా. పన్ను పీకించుకుని, బుగ్గ బూరెలా వాచిపోయి, ఇంట్లో పడుకున్నావు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో గోడ క్యాలెండరు మీద రాసిపెడతాను నేను."

ప్లంబరు చెయ్యి తనకి తెలియకుండానే బుగ్గ మీదికి పోయింది. ఒక్క క్షణమే. "అయితే ఏంటట? కంప్యూటర్ ఆడింది. దేశం ఎవరిది? నాది. దానికి దారి చూపిందెవరు? ఏడు ఆదివారాలు నా ఆట చూసి నేర్చుకుంది!"

"అది మొద్దన్నావుగా," అన్నారు మాస్టారు. "కోటలో మంట పెట్టినా కదలదన్నావు. ఓడల్ని నడిసముద్రంలో తిప్పుతుందన్నావు."

ఆ చివరి మాట దగ్గర మాస్టారే ఆగిపోయి ఓనరు వైపు చూశారు. ఓనరు తలూపాడు.

"అవును మాస్టారూ, మొద్దే. ఈయన దేశాన్ని దానికి వదిలేస్తే గంటలో తుడిచిపెట్టుకుపోయేది, ఎనిమిది వారాలకే ఈయన ఆటలోంచి పోయేవాడు. అందుకని వాళ్ళ తోడల్లుడు తన పసుపు దేశాన్ని ఆ మొద్దుకి అప్పజెప్పి, వచ్చి ఈయన కుర్చీలో కూర్చున్నాడు. ఇక్కడ మూడు వందల మందితో కోట కాపాడుతుంటే, అక్కడ వాడి రాజధాని పోయింది. కళ్ళెదురుగా పోతున్నా లేవలేదు. నీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడయ్యా. తెలిస్తే అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడన్నాడు."

ప్లంబరు రెంచీని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అతనికి నిజంగానే సిగ్గేసింది. కానీ దానికంటే రెండు పాళ్ళు ఎక్కువగా కడుపుమంటే ఉంది.

"మా తీర్పు అయిపోయింది," అన్నారు మాస్టారు. దర్జీ, అక్క ఎదురు చెప్పలేదు.

ప్లంబరు రెంచీని మళ్ళీ బల్ల మీద పెట్టాడు. వాడి కుర్చీ వాడికే ఇచ్చేస్తానని తానే అందామనుకున్నాడు. అలా అనేస్తే కనీసం ఆ మాటైనా తనదవుతుంది. నోరు తెరిచాడు కూడా.

సరిగ్గా అప్పుడే తోడల్లుడు సైకిలు దిగి, కళ్ళద్దాల షాపు సంచీ భుజానికి సర్దుకుంటూ లోపలికొచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా గబగబా అన్నాడు: "తీర్పూ గీర్పూ ఎందుకండీ, మొదటి కుర్చీ అన్నయ్యకే ఇచ్చెయ్యండి. నేను మూలన కూర్చుంటా. అన్నయ్యా, పన్ను నొప్పి మళ్ళీ రాలేదు కదా?"

ప్లంబరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత రెంచీ తీసి బల్ల మీద ఠపీమని కొట్టాడు.

"చూశారా! ఇప్పుడే, ఈ క్షణంలోనే, కుర్చీ వాడికిచ్చేద్దామని నేను నోరు తెరిచా. అందులో కూడా నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు!"