స్లాబు మేస్త్రి ఎడమ పాదం

"చెప్పులా? మీ పిన్ని పోరు పడలేక టీ కొట్టు దాకా వేసుకొస్తానంతే. పనిలోకి దిగితే ఉత్త కాళ్లే. ఇరవై రెండేళ్లు పచ్చి కాంక్రీటులో నానిన పాదాల్రా ఇవి!" అంటూ స్లాబు మేస్త్రి బెంచీ మీద కూలబడ్డాడు. ఎదురుగా కమ్మీలు కట్టేవాళ్లం నలుగురం.

"సిమెంటు కాళ్లని తినేస్తుందంటారు కదా బాబాయ్?"

"మొదట్లో తింటుంది. పుండ్లు పడితే కిరోసిన్‌తో కడిగా, ఆనెల్ని బ్లేడుతో చెక్కేశా. ఇప్పుడు నొప్పన్నదే లేదు. నొప్పి లేదంటే జబ్బు లేనట్టేగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేకు మీద అడుగేస్తే మేకే వంగిపోయింది."

"ఒక్కటేనా?"

"ఒక్కటా! ఆ రోజే పదకొండు. వాటిని సాపు చెయ్యలేక వడ్రంగి సెలవు పెట్టాడు. అదీ ఒక లెక్కా? అయిదో అంతస్తులో స్లాబు కింద కర్ర జారింది. నలభై టన్నులు! కాలు అడ్డం పెట్టా. ఏడు రోజులు, అంటే నూట అరవై ఎనిమిది గంటలు, స్లాబు గట్టిపడేదాకా కదల్లేదు. ఇంజనీరొచ్చి, 'మేస్త్రీ, ఈ స్తంభం ప్లానులో లేదే' అన్నాడు. 'అది నా కాలు సారూ' అన్నా!"

పగలబడి నవ్వాం.

"మొన్నటికి మొన్న బకెట్లో కాళ్లు పెట్టుకున్నా. మీ పిన్ని వేలు ముంచి కెవ్వుమంది. మరిగే నీళ్లట! నాకు చల్లగానే ఉన్నాయి. తోలు కాస్త ఊడిందనుకో..."

ఈసారి నవ్వు సగంలో ఆగింది. టీ కొట్టు అక్క నేల తుడిచే గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది.

"అన్నా, నీ ఎడమ చెప్పేదీ?"

మేస్త్రి కిందికి చూశాడు. కుడికాలికే చెప్పుంది. గుమ్మం నుంచి బెంచీ దాకా, తుడిచిన నేల మీద, అడుగు విడిచి అడుగు ఎర్రగా ఉంది.

"దారిలో జారుంటుంది..." గొంతు తగ్గింది.

"మా ఆయనకీ ఇలాగే జారేది. నొప్పుండేది కాదు."

ఆ మాటకి మేం ఎవరం గల్లా వెనక చూడలేదు. అక్కడ ఆమె భర్త కూర్చునుంటాడు, పక్కనే చంకకర్ర.

నేను ఆటో కోసం లేచాను. అక్క మోకాళ్ల మీద కూర్చుని అతని పాదం ఒళ్లోకి తీసుకుంది. వేలెడు పింగాణీ పెంకు, సగం లోపలే ఉంది.

"లాగుతున్నా. నొప్పెడితే కేకెయ్యి."

మేస్త్రి కళ్లు గట్టిగా మూసుకుని బెంచీ అంచు పట్టుకున్నాడు.

"ఊఁ, లాగు," అన్నాడు.

పెంకు అప్పటికే ఆమె అరచేతిలో ఉంది.