ఎడమచేతి ఒర

మోంటానాలో తుపాకుల దుకాణం. వెర్నా కొత్త రివాల్వర్ కొనుక్కుని, దానికోసం మొగుడు కుట్టించి తెచ్చిన తోలు ఒరను ఛాతీకి అడ్డంగా కట్టుకు చూసింది.

"ఏమయ్యా, ఇది ఎడమచేతి వాళ్లది! పోటీల్లో నేను కుడిచేత్తోనే కదా కాల్చేది?"

"తెలుసులే."

"తెలిసీ కుట్టించావా? అడవిలో హకల్‌బెర్రీ పళ్లు కోస్తుంటే ఎలుగుబంటొస్తే, ఒర తిప్పుకునేదాకా ఆగమని చెప్పనా?"

"నువ్వు చెబితే ఆగుతుందిలే. నేను ఆగట్లేదూ?"

"వేళాకోళం ఆపు."

"రెండు నెలల్నుంచి కాఫీ ఎడమచేత్తో పోస్తున్నావు, వెర్నా."

వెర్నా వణుకుతున్న కుడిచేతిని కోటు జేబులో దాచుకుంది.

"మన షూటింగ్ క్లబ్బులో ఎవరికైనా చెప్పావా?"

"లేదు. నేనూ ఎడమచేతి ఒరే కుట్టించుకున్నా. ఈసారి పోటీలో ఇద్దరం కలిసే ఓడిపోదాం."

"ఓడిపోయేది నువ్వు. నేను గెలవడానికే వస్తున్నా."