మహిమ వంతు

హైదరాబాద్ మీటింగు నుంచి బూర్గంపాడు చేరిన మాస్టారు ఇంకా చెప్పులు విప్పలేదు. భార్య గడపలోనే అడిగింది.

“సంతకం పెట్టొచ్చిండ్రా?”

“నువ్వు గూడ ఆడికొచ్చి పెట్టాలె. పిల్ల కనిపెట్టిన విస్తరాకుల మెషీన్ చేసుకునే హక్కు కంపెనీకి మనిద్దరం కలిసియ్యాలె.”

“నేనియ్య. పిల్లే లేకపాయె, ఇగ దాని పేరు గూడ పోవాల్నా? ఎవలు గాళ్లు?”

“పెద్దోళ్లు. మొదలు ఒక్కొక్కరు ఏమేం పనులు చేసిండ్రో చెప్పుకున్నరు. ఒకాయన కలెక్టరుగ చేసిండు. ఇంకొకాయన ఫ్యాక్టరీలు నడిపిండు. లైసెన్సులు చూసే మేడమ్ సైంటిస్టు.”

“మీరేం చెప్పిండ్రు?”

“టీచర్నన్న.”

“గంతేనా? ఇంట్లనైతే గంటసేపు చెప్తరు!”

ఆయన నవ్వబోయి ఆగాడు.

“అందరిది అయినంక మేడమ్ ఒక ఖాళీ కుర్చీ చూపెట్టి, ‘ఇప్పుడు మహిమ గారి వంతు. ఈ మెషీన్ కనిపెట్టిన ఇంజనీర్’ అన్నది. అందరు లేచి నిలబడ్డరు.”

“మన మహిమకా?”

“అవ్.”

“కలెక్టర్ సారు గూడ?”

“ఆయనే ముందు లేచిండు.”

“మీరు?”

“నేను ఆ కుర్చీనే చూస్కుంట కూసున్న.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“పొద్దుగాల హైదరాబాద్ బస్సు ఎన్నింటికి?”